ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రాములు: అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో సివిల్, మెకానికల్ పిల్లలకి ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రాములు రాయడం నేర్పుతుంటాను. వస్తువుని ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టి, బరువు పడితే అది ఎంత వంగుతుందో లెక్కించే ప్రోగ్రాములివి. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, అపోహలు మాత్రం పాతవే.

అపోహ: ఎర్రర్ లేకుండా రన్ అయి, రంగుల బొమ్మ వస్తే ప్రోగ్రాం కరెక్టే.

"వచ్చీసింది సార్!" అని ల్యాప్‌టాప్ తిప్పి చూపిస్తారు. చేత్తో వేసిన లెక్క ఏదని అడుగుతాను. మన ఊరి పిల్లలకి కాంటిలివర్ అంటే వేరే చెప్పక్కర్లేదు, పైడితల్లి అమ్మవారి సిరిమాను చూసినవాళ్లే. మొదలు రథానికి కట్టి ఉంటుంది, పూజారి కూర్చున్న కొస గాల్లో ఉంటుంది. అలా ఒక చివర బిగించిన స్టీలు దూలం తీసుకోండి. పొడవు 1000 మి.మీ., వెడల్పు 50, లోతు 100, కొసన 1000 న్యూటన్ల బరువు. క్లాసులో నేర్చుకున్న బీమ్ ఫార్ములా ప్రకారం కొస 0.4 మి.మీ. దిగాలి. అదే దూలాన్ని మూలకో నోడు (ముక్కలు కలిసే బిందువు) చొప్పున నాలుగు నోడ్లున్న పది చదరపు ఎలిమెంట్లుగా ఒకే వరసలో పేర్చి, 2×2 గాస్ పాయింట్లతో (ఎలిమెంటు లోపల లెక్క వేసే బిందువులతో) లెక్కిస్తే సుమారు 0.27 దగ్గరే ఆగిపోతుంది. కోడ్‌లో ఒక్క తప్పూ లేదు. ఆ ఎలిమెంటు అంచులు వంగలేవు. అందుకని లేని షియర్ (పొరల్ని ఒకదానిమీద ఒకటి జరిపే కోత బలం) పుట్టి దూలం బిగుసుకుపోతుంది. దీన్నే షియర్ లాకింగ్ అంటాం. ఎనిమిది నోడ్ల ఎలిమెంటు పెట్టి చూడండి, 0.4 వస్తుంది.

ఇది క్లాసురూం గొడవ మాత్రమే కాదు. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్‌నర్ ఎ అనే చమురు ప్లాట్‌ఫాం కాంక్రీటు కట్టడం మునిగిపోయింది. దాని గోడల్లో షియర్‌ని ఫైనైట్ ఎలిమెంట్ లెక్క 47 శాతం తక్కువ చూపించిందని తర్వాత తేలింది. ఉక్కు కడ్డీల అమరికా సరిపోలేదు. వాడింది పేరున్న సాఫ్ట్‌వేరే.

అపోహ: మెష్ (ఎలిమెంట్ల వల) ఎంత సన్నగా చేస్తే జవాబు అంత నిజం.

కదలికల విషయంలో చాలావరకు నిజమే. లోపలికి తిరిగిన పదునైన మూల దగ్గర స్ట్రెస్ (చదరపు మి.మీ.కి పడే బలం) సంగతి వేరు. లీనియర్ లెక్కలో (బలం ఎంత పెరిగితే సాగుడూ అంతే పెరుగుతుందనుకునే లెక్కలో) అక్కడ స్ట్రెస్‌కి హద్దు లేదు, మెష్ సన్నబడే కొద్దీ అంకె పెరుగుతూనే పోతుంది. ఆ అంకె ఎప్పుడు నిలుస్తుందా అని రాత్రంతా టెన్షన్ పడిన పిల్లల్ని చూశాను. అసలు వస్తువులో ఆ మూల ఎంత గుండ్రంగా ఉందో కనుక్కుని, ఆ వంపు మోడల్‌లో పెట్టాలి.

అపోహ: పెద్ద కంప్యూటర్ ఉంటేనే పని జరుగుతుంది.

2డీలో పది వేల నోడ్లంటే, నోడుకి రెండు దిక్కుల కదలికలు కాబట్టి, 20 వేల సమీకరణాలు. స్టిఫ్‌నెస్ మాట్రిక్స్ (ఎంత కదలడానికి ఎంత బలం కావాలో చెప్పే అంకెల పట్టిక) మొత్తం దాస్తే 3.2 జీబీ. కానీ ప్రతి నోడూ పక్కవాటితోనే కలుస్తుంది, వరసకి సున్నా కానివి 18 దాకానే. అవే దాస్తే నాలుగైదు ఎంబీలు.

అపోహ: ప్యాకేజీలు ఉండగా సొంతంగా రాయడం దండగ.

నేను అస్సలు ఒప్పుకోను. మొదటి వారం ఒక్క ఎలిమెంటే రాయిస్తాను. దాని మాట్రిక్స్ ఐగెన్ విలువలు (ఒక్కో రకం కదలికకి ఎలిమెంటు ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకెలు) తీయమంటాను. 2డీలో సరిగ్గా మూడు సున్నాలు రావాలి, ఆకారం మారని కదలికలు మూడే కాబట్టి: పక్కకి జరగడం, పైకీ కిందికీ కదలడం, గిర్రున తిరగడం. ఎక్కువ వస్తే గాస్ పాయింట్లు తక్కువ పెట్టారని అనుమానించాలి. రెండే వస్తే, స్ట్రెయిన్ (ఆకారం ఎంత మారిందో చెప్పే అంకె) లెక్కలో ఎక్కడో ప్లస్ బదులు మైనస్ పడిందేమో వెతకాలి.