లక్క పూసిన గోడలు

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్తే గేటు దగ్గరే మొదలవుతుంది, ‘మమ్మీ ఎక్కడ?’ అని. ఆ ఈజిప్టు మమ్మీ ధర్మమా అని అక్కడి అజంతా బొమ్మల దగ్గర నేను వెళ్లినప్పుడల్లా జనం పల్చగానే ఉన్నారు. నిజాం కాలంలో చిత్రకారులు అజంతా గుహల్లో కూర్చుని, గోడల్ని చూస్తూ ఓపిగ్గా దించిన నకళ్లు అవి.

నకలు బొమ్మలంటే నాకూ పెద్ద గౌరవం ఉండేది కాదు. కానీ అజంతా నకళ్ల కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మద్రాసు సైన్యంలో పనిచేసిన రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్ల తరబడి అక్కడే ఉండి దించిన బొమ్మల్లో చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మంట అంటుకుని కాలిపోయాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూల్ గ్రిఫిత్స్, ఆయన విద్యార్థులు మళ్లీ దించారు. వాటిలోనూ వందకి పైగా 1885లో లండన్‌లోనే మంటల పాలయ్యాయి. భద్రంగా ఉంటాయని సముద్రాలు దాటించినవి బూడిదయ్యాయి. మట్టిగోడ మీద ఉన్నవేమో ఉన్నాయి.

ఉన్నాయంటే, ఎలాగోలా ఉన్నాయి. మసకగా కనిపిస్తున్న బొమ్మల్ని దించుకోవడానికి వాటి మీద వార్నిష్ పూసిన చిత్రకారులున్నారు. జ్ఞాపకంగా ముక్కలు పెళ్లగించుకుపోయిన సందర్శకులున్నారు. గబ్బిలాల సంగతి సరేసరి.

ఇంతకీ ఆ గోడ ఎలాంటిదో తెలిస్తే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. కొండరాయిని ఉలితో గరుకుగా చెక్కి, దాని మీద మట్టి మెత్తారు. ఊక, గడ్డి, నార, సన్నటి రాతిపొడి కలిపిన మట్టి. మన పల్లెల్లో పాత మట్టిళ్ల గోడలు గుర్తు తెచ్చుకోండి, అదే పద్ధతి. దాని మీద పల్చగా తెల్లపూత. అది ఆరాక రంగులు. ఎరుపుకి జాజు, నలుపుకి మసి, తెలుపుకి సుద్ద, ఇంకా పసుపు మట్టి, పచ్చ మట్టి. నీలానికి మాత్రం అఫ్ఘనిస్తాన్ గనుల నుంచి వచ్చే లాపిస్ లజులి రాయిని నూరారు. ఈ పొడులు గోడకి అంటుకోవడానికి వాడింది జిగురు.

యూరప్ చర్చిల్లో ఫ్రెస్కో అనే గోడబొమ్మలు ఇలా ఉండవు. అక్కడ తడి సున్నం మీదే రంగు వేస్తారు. సున్నం ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది, రంగు అందులోనే ఇరుక్కుపోతుంది. అజంతా రంగుకి ఆ రక్షణ లేదు. అది జిగురు మీద ఆధారపడి నిలబడింది. తడిగుడ్డతో తుడిచారంటే రంగు గుడ్డకొచ్చేస్తుంది. పైగా ఊక, గడ్డి అంటే పురుగులకి విందు భోజనం. పురుగులు లోపల తినుకుంటూ పోతే పూత గుల్లబారుతుంది. వేలితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఆ తర్వాత పెచ్చులూడటమే. సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఎల్లోరా గుహల్లో మట్టిపూతలో గంజాయి మొక్క నార కలిపారని, అందుకే అక్కడ పురుగుల బెడద తక్కువని 2016లో ఒక పరిశోధన వచ్చింది. అజంతా మేస్త్రీలకి ఆ చిట్కా తెలియదో, అవసరం లేదనుకున్నారో!

అప్పట్లో ఈ గుహలు నిజాం రాజ్యంలో ఉండేవి. 1914లో హైదరాబాద్‌లో పురావస్తు శాఖ పెట్టి, గులాం యజ్దానీని డైరెక్టర్‌ని చేశారు. బొమ్మలు రాలిపోతున్నాయని ఆ శాఖ ఇటలీ నుంచి ఇద్దరు నిపుణుల్ని రప్పించింది: లొరెంజో చెక్కోని, ఆయన సహాయకుడు కౌంట్ ఒర్సీని. 1920 నుంచి 1922 దాకా రెండు చలికాలాలు వాళ్లు గుహల్లో పనిచేశారు. గుల్లబారిన చోట్ల పూత వెనక్కి పాల నుంచి తీసిన కేసీన్ అనే మాంసకృత్తినీ సున్నాన్నీ కలిపి ఎక్కించారు. ఊడి వేలాడుతున్న ముక్కలు మళ్లీ గోడని పట్టుకున్నాయి. ఆ పని జరగకపోతే ఇవాళ మనం చూస్తున్న వాటిలో కొన్ని నేల మీద మట్టిగా కలిసిపోయేవి. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాతి సంగతి చదివి వాళ్లని తిట్టుకోవడం చాలా తేలిక.

చివర్లో బొమ్మల మీద లక్క పూశారు. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురే ఈ లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది ఇదే. స్పిరిట్‌లో కరిగించి పూస్తే వడ్రంగుల పాలిష్ అవుతుంది. అప్పటికి అది మంచి పూతే. గోడ మీద పూయగానే మసకబారిన రంగులు మళ్లీ తడి తడిగా, నిండుగా కనిపించి ఉంటాయి. ఎండిన గులకరాయిని నీళ్లలో ముంచితే రంగు తేలినట్టు. చూసినవాళ్లంతా సంతోషించే ఉంటారు.

లక్క అణువులకి ఒక గుణం ఉంది. వాటిలో ఆమ్ల గుంపులూ ఉంటాయి, వాటితో చేతులు కలపగల ఆల్కహాల్ గుంపులూ ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఒక అణువు ఇంకోదాన్ని పట్టుకుంటుంది, అది మరోదాన్ని. కొన్నాళ్లకి పొరంతా ఒకే వలలా అల్లుకుపోతుంది. కలిపి దాచిన లక్క పాలిష్ పాతబడితే సరిగా ఆరదని వడ్రంగులకి తెలుసు. సీసాలోనే ఈ పని మొదలైపోతుంది మరి. వలగా మారిన లక్క మొదట్లో కరిగిన స్పిరిట్‌లోనే ఇక కరగనని మొండికేస్తుంది. రంగు ముదిరి గోధుమవన్నెకి తిరుగుతుంది. పొర బిగుసుకుంటుంది. దాని కింద ఉన్నదేమో కాగితమంత పల్చటి రంగు. పైపొర ముడుచుకుంటే కింది రంగుని కూడా తనతో పాటు లాగుతుంది. నిలబెట్టడానికి పూసిందే పెచ్చులు లేపడం మొదలుపెట్టింది.

రంగుల సంగతి చూడండి. తెలుపు మీద పసుపు పొర పడితే పాత కాగితంలా కనిపిస్తుంది. నీలం మీద పడితే ఆకుపచ్చకి తిరుగుతుంది. అంత దూరం నుంచి తెచ్చిన నీలం ఏ గతి పట్టిందో ఊహించుకోవచ్చు. బుద్ధుడి కాలం నాటి మనుషుల ఒంటి ఛాయ ఇలా ఉండేదనీ, అజంతా రంగుల్లో ఒక గంభీరమైన బంగారు వన్నె ఉందనీ మనం మురిసిపోయినదాంట్లో కొంత వాటా ఈ లక్కదే.

దేశం స్వతంత్రమయ్యాక గుహలు భారత పురావస్తు సర్వే చేతికి వచ్చాయి. ఏళ్ల తరబడి వాళ్ల రసాయన శాస్త్రవేత్తలు చేస్తున్న పనుల్లో పెద్దది ఈ లక్కని తీయడం. ఇలాంటి పని చూడటానికి చాలా బోరుగా ఉంటుంది. పుల్లకి దూది చుట్టి, ద్రావకంలో ముంచి, చేతి బొటనవేలి గోరంత మేర మీద మెల్లగా దొర్లిస్తారు. రుద్దరు, దొర్లిస్తారు. దూదికి గోధుమరంగు అంటితే లక్క వస్తోందని అర్థం. జాజు ఎరుపు అంటిందా, అక్కడితో చేయి ఆపేయాలి. నీళ్లు వాడితే జిగురు పోతుంది. స్పిరిట్‌కి లక్క లొంగదు. రెండింటి మధ్య లక్కని కదిలించి రంగుని ముట్టుకోని ద్రావకాల మిశ్రమం వెతకాలి. అది ఒక గోడ మీద పనిచేస్తే పక్క గోడ మీద పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. ఎంతవరకు పోయిందో చూడటానికి అతినీలలోహిత కాంతి పనికొస్తుంది. ఆ వెలుగులో లక్క నారింజ రంగులో మెరుస్తుంది. కంటికి శుభ్రంగా కనిపించిన చోట కూడా మచ్చలు బయటపడతాయి.

మా ఇంట్లో తాతయ్యది ఒకే ఒక్క ఫొటో ఉండేది. పాడవకుండా ఉంటుందని దాన్ని లామినేషన్ చేయించాం. పదిహేనేళ్లకి ప్లాస్టిక్ అంచుల్లోంచి గాలి దూరి, తేమ చేరి, తాతయ్య చెవి పక్క నుంచి పసుపు మచ్చ పాకింది. విప్పదీద్దామంటే ప్లాస్టిక్‌తో పాటు మొహం కూడా వచ్చేస్తుందని స్టూడియో అబ్బాయి చేతులెత్తేశాడు. అజంతాలో జరిగింది ఇదే, కాకపోతే పెద్ద ఎత్తున.

అందుకే పాత బొమ్మల్ని కాపాడే పనిలో ఇప్పుడు ఏ పదార్థం వాడబోయినా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: రేపు దీన్ని తీయగలమా? ఎంత గట్టిగా పడుతుంది, ఎంత బాగా మెరుస్తుంది అన్నవి ఆ తర్వాత. లక్క తర్వాతి కాలంలో అజంతా గోడల మీద పాలీవినైల్ అసిటేట్ పూశారు. మన ఫెవికాల్‌ది కూడా అదే జాతి. దానికీ వంకలున్నాయి, వేడికి కాస్త మెత్తబడి దుమ్ము పట్టుకుంటుంది. కానీ ఏళ్లు గడిచినా ద్రావకంలో కరుగుతుంది. లోపం ఉంటే ఉంది, తీసేయొచ్చు.

ఊడిపోయిన చోట కొత్తగా బొమ్మ గీసి పూరించే అలవాటుకీ ఇదే ప్రశ్న అడ్డుపడింది. రోమ్‌లో 1939లో పెట్టిన పునరుద్ధరణ సంస్థలో ఒక చక్కటి ఉపాయం కనిపెట్టారు. ఖాళీని సన్నటి నిలువు గీతలతో నింపుతారు, అదీ నీళ్లతో చెరిగిపోయే రంగులతో. దూరం నుంచి చూస్తే బొమ్మ నిండుగా ఉంటుంది. దగ్గరికెళ్తే ఏది పాతదో ఏది నిన్నటిదో గీతలే చెప్పేస్తాయి. మన ఊళ్లలో వెయ్యేళ్ల రాతి విగ్రహాలకి ఎనామిల్ పెయింట్ కొట్టేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరు. రాయి లోపలి తేమ బయటికి రాలేక, పైపొరని పొట్టులా విడదీస్తుంది. రంగులు మెరుస్తున్నాయని మనం ఆనందపడతాం, రెండేళ్లకి మళ్లీ కొడతాం.

ఇప్పుడు అజంతాలో రసాయనాల కన్నా జనం ఊపిరితోనే టెన్షన్ ఎక్కువ. మన ఒంటి వేడి, చెమట, ఊపిరిలోని తేమ గుహలో గాలిని మార్చేస్తాయి. మట్టిపూత తేమని పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుంటుంది. అందుకే బండ్లని నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఆపి బస్సుల్లో పంపుతారు, ముఖ్యమైన గుహల్లోకి కొద్దికొద్ది మందినే వదులుతారు.

పదో గుహలో ఒక స్తంభం మీద, రంగుల బొమ్మని గీకి రాసిన ఒక పేరుంది: జాన్ స్మిత్, 28 ఏప్రిల్ 1819. వేటకొచ్చి ఈ గుహల్ని బయటి ప్రపంచానికి చూపించిన మద్రాసు సైన్యం అధికారి ఆయన. అప్పటికి గుహ నిండా మట్టి పేరుకుని ఉంది కాబట్టి ఆయన నిలబడిన చోటు ఎత్తు, ఇప్పుడు ఆ అక్షరాలు మన తల కన్నా పైన ఉంటాయి. అది పక్కా నష్టమే. గీత పడిన చోట బొమ్మ ఇక లేదు. రెండు వందల ఏళ్లు దాటాక అదీ చరిత్రే అయిపోయింది. గోడని శుభ్రం చేసేవాళ్లు ఆ పేరు దగ్గర కూడా దూదిని జాగ్రత్తగానే దొర్లించాలి.