బ్యారేజీ మీద వాచీ లెక్క

చిన్నీ, బుజ్జీ,

మీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. స్మార్ట్ వాచీ కొనిస్తేనే పరుగు మొదలుపెడతానని రాశావు కదా బుజ్జీ, కాదనను నాన్నా. నా చేతికీ ఒకటుంది, అదంటే నాకు ఇష్టమే. కానీ అది ఎలా కొలుస్తుందో తెలియకుండా కట్టుకుంటే అనవసరంగా హడలిపోతాం. నేను హడలిపోయాను.

పోయిన చలికాలం ఒకరోజు తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద నింపాదిగా పరిగెడుతున్నాను. వాచీ చూస్తే గుండె నిమిషానికి 168 సార్లు కొట్టుకుంటోందని చూపించింది. నా వయసుకి అది చాలా ఎక్కువ. టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. వెంటనే ఆగి రెయిలింగ్ పట్టుకున్నాను. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. 30 వచ్చింది. అంటే నిమిషానికి 120. ఆగగానే గుండె వేగం తగ్గుతుంది, నిజమే. కానీ నాకసలు ఆయాసమే లేదు, మాట మామూలుగానే వస్తోంది. మరి ఆ 168 ఎక్కడిది?

అది నా అడుగుల లెక్క! వాచీ వెనక పచ్చలైటు మినుకుమినుకుమంటుంది, చూశారా? రక్తం ఆ పచ్చ వెలుగుని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం కాస్త పెరిగి, తిరిగొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. వాచీ లెక్కపెట్టేది ఆ హెచ్చుతగ్గుల్నే. పట్టీ వదులుగా ఉంటే అడుగడుక్కీ వాచీ కదిలి వెలుగు కూడా ఊగుతుంది. పాపం, దానికి ఏది గుండో ఏది అడుగో తెలియదు. మణికట్టు ఎముకకి ఒక వేలెడు పైకి జరిపి బిగించాక మళ్లీ అలా చూపించలేదు. అలాగని గుండెల్లో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా తప్పు వాచీదే అనుకోకండి. వెంటనే ఆగి పెద్దవాళ్లకి చెప్పాలి.

దూరం సంగతి వేరు. ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి సిగ్నల్ రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, వాచీ మనమెక్కడున్నామో లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. బ్యారేజీ మీద నాలుగు పక్కలా ఆకాశమే, ఇబ్బంది లేదు. వన్‌టౌన్ సందుల్లో సిగ్నల్ గోడలకి తగిలి చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తుంది. ఒకరోజు మ్యాపులో నేను ఇళ్ల కప్పుల మీద పరిగెత్తినట్టు గీత పడింది!

చిన్నీ, పదివేల అడుగులు పూర్తి కాలేదని మీ అమ్మ వాచీ మోగితే దిగులు పడకు తల్లీ. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మారు. దాని పేరుకి అర్థమే ‘పదివేల అడుగుల మీటరు’. ఆ అంకె అలా పాకిపోయింది.

నన్నడిగితే ముందు బూట్లు. మొదటి జత కొన్నప్పుడు బిగుతుగా ఉందంటే, వాడగా వాడగా సాగుతుందన్నాడు షాపతను. నమ్మాను. నెల తిరక్కుండా బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. రోజంతా తిరిగాక పాదం కాస్త వాస్తుంది కాబట్టి సాయంత్రం వెళ్లి కొనండి. కాలివేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పు జాగా ఉండాలి. బూటు అడుగున నురగలాంటి మెత్తటి పొర ఉంటుంది, దాన్నిండా గాలి బుడగలు. తొక్కీతొక్కీ అవి అణిగిపోతాయి. పైకి కొత్తగా కనిపిస్తున్నా పక్కన ముడతలు పడి, బొటనవేలితో నొక్కితే గట్టిగా తగిలిందంటే ఆ జత పని అయిపోయినట్టే. పిక్కలు, మోకాళ్లు ఆ సంగతి ముందే చెబుతాయి. తడిస్తే మన బెజవాడ ఎండలో పెట్టకండి, వేడికి జిగురు ఊడుతుంది. పాత పేపర్లు ఉండలు చేసి లోపల కుక్కి ఫ్యాను కింద పెట్టండి. కాటన్ సాక్సులు వద్దు. చెమట పీల్చుకుని తడితడిగా ఉండి బొబ్బలెక్కిస్తాయి.

సంక్రాంతి సెలవులకి వస్తారుగా, ముగ్గురం బ్యారేజీ మీదకి వెళ్దాం. 1957లో పూర్తయిన ఆ కట్టకి 70 గేట్లు, పొడవు 1223.5 మీటర్లు. బుజ్జి నా వాచీ కట్టుకుంటాడు, చిన్ని గేట్లు లెక్కపెడుతుంది. సీతానగరం ఒడ్డుకి చేరాక వాచీ ఎంత చూపిస్తుందో సరిచూద్దాం.

మీ తాతయ్య,
విజయవాడ