కారు లోపలి ట్రిమ్‌కి ర్యాప్, రంగు: అపోహలు - వాస్తవాలు

డోర్ల మీది వెండి రంగు పట్టీలు, పవర్ విండో స్విచ్ ప్యానెల్, గేర్ చుట్టూ ఉండే ముక్క, డ్యాష్‌బోర్డ్ మధ్య అలంకార పట్టీ. ఇంట్లో రంగు మార్చుకోవడానికి అనువైనవి ఇవే. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో వీటన్నిటికీ ఐదడుగుల వెడల్పు రోల్ నుంచి ఒక మీటరు వినైల్ (ర్యాప్‌గా అంటించే ప్లాస్టిక్ ఫిల్మ్) చాలు, పాడుచేసుకునే ముక్కలతో కలిపి.

అపోహ: షాంపూతో కడిగితే చాలు, వినైల్ అతుక్కుంటుంది.

ఇక్కడ అసలు శత్రువు దుమ్ము కాదు, ఏళ్లుగా రుద్దిన డ్యాష్‌బోర్డ్ పాలిష్. అందులోని సిలికాన్ ఒక్క కడుగుకి పోదు. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడగండి. ఆరాక, మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు మూడుసార్లు తుడవండి. ప్రతిసారీ గుడ్డ మార్చాలి. అదే గుడ్డ తిప్పితే తీసిన సిలికాన్‌నే మళ్లీ పూసినట్టు. తర్వాత చిన్న మాస్కింగ్ టేప్ ముక్క అంటించి లాగి చూడండి. పట్టు లేకుండా ఊడొస్తే మళ్లీ మొదటికి. థిన్నర్ జోలికి వెళ్లొద్దు, ప్లాస్టిక్‌నే తినేస్తుంది.

అపోహ: అంచులు లేస్తే జిగురు చాల్లేదని అర్థం, ఒక చుక్క సూపర్ గ్లూ వేస్తే సరి.

ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. మూల తిప్పడానికి సాగదీసిన ఫిల్మ్ తన పాత కొలతకి పోవాలని చూస్తుంది. దీన్నే మెమరీ అంటారు. నీడలో ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. మన ఏప్రిల్ ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో డ్యాష్‌బోర్డ్ 70 డిగ్రీలు దాటిందా, జిగురు మెత్తబడి అంచు వెనక్కి జారుతుంది. సూపర్ గ్లూ వేస్తే తెల్లటి మరక మిగులుతుంది, అంతే.

ఫిల్మ్ ఎంపిక దగ్గరే సగం పని తేలిపోతుంది. క్యాలెండర్డ్ రకాన్ని రోలర్ల మధ్య నొక్కి సాగదీసి చేస్తారు కాబట్టి వెనక్కిపోయే గుణం దాని పుట్టుకలోనే ఉంది. కాస్ట్ రకాన్ని ద్రవంగా పరిచి ఆరబెడతారు. ధర ఎక్కువైనా మూలలున్న ముక్కకి కాస్ట్ మాత్రమే కొనండి.

స్విచ్ ప్యానెల్‌నే తీసుకుందాం. ముక్కని ఊడదీసి, చుట్టూ 4 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా ఫిల్మ్ కోయండి. మధ్యలో అంటించి, గాలి బయటికి పోయేలా స్క్వీజీతో (ఫిల్మ్ నొక్కి సాపుచేసే చదునైన పలక) అంచులవైపు తోయండి. మూల దగ్గర ముడతలు పడితే లాగొద్దు. ఫిల్మ్ పైకెత్తి హెయిర్ డ్రయ్యర్ చూపిస్తే ముడతలు వాటంతటవే సర్దుకుంటాయి, అప్పుడు బొటనవేలితో కిందికి నొక్కండి. వెనక్కి 8-10 మిల్లీమీటర్లు మడిచి, మూల లావెక్కకుండా వెనకవైపు మాత్రమే వీ ఆకారంలో గాటు పెట్టండి. ఆఖర్న హీట్ గన్‌తో అంచులన్నిటినీ ఒకసారి 90-95 డిగ్రీలకి తేవాలి. మెమరీ చచ్చేది అప్పుడే. మీ ఫిల్మ్‌కి తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి. హెయిర్ డ్రయ్యర్ ఈ పనికి చాలదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తూ గన్‌ని కదుపుతూనే ఉండాలి, ఎందుకంటే ఏబీఎస్ ప్లాస్టిక్ కూడా దాదాపు ఆ వేడికే మెత్తబడుతుంది. ముక్క వంకరపోయిందంటే క్లిప్పులు మళ్లీ కూర్చోవు. ఆ తర్వాత ఒక రోజు పాటు ముక్కని ఎండ తగలనివ్వకండి.

అపోహ: స్ప్రే పెయింట్ ఏ ప్లాస్టిక్‌కైనా పడుతుంది.

ముక్క వెనక్కి తిప్పి చూడండి. ఏబీఎస్ అని ఉంటే 600 నంబరు ఎమెరీ పేపర్‌తో గరుకు చేసి ప్రైమర్ కొట్టొచ్చు. పీపీ (పాలీప్రొపిలీన్) అని ఉంటే ముందు అడ్హీషన్ ప్రమోటర్, అంటే రంగు పట్టేలా చేసే పూత, తప్పనిసరి. అది లేకుండా కొట్టిన రంగు గోటితో గీకితే పొరలుగా లేస్తుంది. ఏ రంగైనా పల్చటి మూడు కోటింగులుగా వేయండి. ఒకేసారి దట్టంగా కొడితే కారుతుంది.

అపోహ: డ్యాష్‌బోర్డ్ మొత్తం చుట్టేయొచ్చు.

ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ మూత వెనక, చిరగడానికే పెట్టిన సన్నటి గాటు ఉంటుంది. పైన వినైల్, లెదర్, ఏది అంటించినా అది తెరుచుకునే తీరు మారిపోతుంది. ఆ భాగం వదిలేయండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ట్యాగ్ ఉంటే మామూలు సీట్ కవర్ కూడా వద్దు, అక్కడ విడిపోయే కుట్టు ఉన్నదే తీసుకోండి. ఎయిర్‌బ్యాగ్ దగ్గర ముక్కలు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. పసుపు కనెక్టర్ ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే హెచ్చరిక లైటు వెలిగి కూర్చుంటుంది, తీయించడానికి కారు లోపాలు చదివే స్కానర్ కావాలి.

ఇంకోటి: డ్యాష్‌బోర్డ్ పైభాగానికి నిగనిగలాడే గ్లాసీ ఫినిష్ వద్దు. ఎండ పడితే దాని ప్రతిబింబమే ముందు అద్దంలో కనిపిస్తుంది.

అపోహ: వేలాడే రూఫ్ లైనింగ్‌కి సిరంజితో జిగురు ఎక్కిస్తే నిలుస్తుంది.

పాడయ్యేది గుడ్డ కాదు, దాని వెనక పల్చటి ఫోమ్. అది పొడైపోయాక పొడికి జిగురు పట్టదు. లైనింగ్ అతికి ఉన్న రూఫ్ బోర్డు దింపి, పాత ఫోమ్ అంతా నైలాన్ బ్రష్‌తో రాల్చి, ఫోమ్ అతికిన కొత్త గుడ్డ వేయాలి. ఎండ తట్టుకునే కాంటాక్ట్ అడ్హీసివ్‌ని రెండు వైపులా పూసి, వేలికి అంటనంతగా ఆరాకే కలపండి. తడిగా కలిపితే జిగురు ఫోమ్‌లోంచి గుడ్డ పైకి వచ్చి మరకలు తేలతాయి. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు (కిటికీల పైన, రూఫ్ అంచులో ఉండేవి) ఉన్న కారైతే బోర్డు దింపే పని మాత్రం సీట్లు కుట్టే షాపుకి వదిలేయండి.