ఆకాశం నుంచి పడ్డ రాణీ కలర్

బెజవాడలో అమెరికన్ భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ అభిమానులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో దొరికిన పేపర్‌బ్యాక్‌తో మొదలైనవాళ్లు కొందరు, ఓటీటీలో సినిమా చూసి కథల దాకా వెనక్కి వెళ్లినవాళ్లు ఇంకొందరు. ఈ రెండు జట్లకీ తెగని పేచీ ఒకటుంది. ఆయన కథలో ఆకాశం నుంచి ఊడిపడేది ఒక రంగు. ఆ కథనే 2019లో నికొలస్ కేజ్‌తో తీసిన ‘కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’లో ఆ రంగు మెజెంటా, అంటే వస్త్రలతలో చీరలవాళ్లు రాణీ కలర్ అనేది. ఈ లోకానిదే కాని రంగు బీరువాలో చీరలా ఉంటే ఎలా అని చదివినవాళ్ల గోల. మరి ఏ రంగు వేయాలో మీరే చెప్పండి అని చూసినవాళ్ల సవాలు.

మూలకథ 1927 సెప్టెంబరులో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికలో వచ్చింది. ఒక రైతు ఇంటి బావి పక్కన ఉల్క పడుతుంది. పరీక్షకు పట్టుకెళ్లిన ముక్క కుంచించుకుపోయి మాయమవుతుంది. ఆ ఏడు పళ్లు ఎన్నడూ లేనంత లావు కాస్తాయి, నోట పెడితే చేదు. ఆ తర్వాత చెట్లు, గొడ్లు, మనుషులు బూడిదరంగుకు తిరిగి పొడిపొడిగా రాలిపోతారు. దీనంతటికీ కారణమైనదాన్ని రచయిత రంగు అన్నాడు. అదీ పోలిక కోసమే అంటున్నానని వెంటనే తప్పుకున్నాడు. కాగితం మీద చెల్లిన ఈ ఎత్తు కెమెరా ముందు చెల్లదు. ఫ్రేములో ఏదో ఒక రంగు పడి తీరాలి.

మనవాళ్లకు ఇంకో ఇబ్బంది. చేతబడి నవలలతో పెరిగాం కాబట్టి విరుగుడు వెతుక్కుంటాం. ఎవరో చేయించారు, ఎవరో తీసేస్తారు. ఇక్కడ చేయించినవాడు లేడు, నిమ్మకాయ కోసినా ఫలితం లేదు. వచ్చినదానికి మనం ఉన్నామన్న ధ్యాసే లేదు. తొలిసారి చూసినవాళ్లు “చివర్లో దాన్నెలా చంపారు?” అని అడిగేది ఇందుకే.

హాలీవుడ్‌కూ మొదట్లో లవ్‌క్రాఫ్ట్ మీద నమ్మకం లేదు. 1963లో దర్శకుడు రోజర్ కోర్మన్ ఆయన కథ తీసి, దానికి ఎడ్గర్ అలన్ పో కవిత పేరు తగిలించాడు; అప్పట్లో డబ్బులొస్తున్నది పో పేరుకే. 1965లో ఈ ఉల్క కథనే నటుడు బోరిస్ కార్లాఫ్‌తో తీస్తూ ఇంగ్లండ్‌కు మార్చారు, రంగును రేడియేషన్‌గా తేల్చేశారు. కారణం తెలిసిపోయాక భయం ఎక్కడుంటుంది?

అసలు మలుపు 1986. దర్శకుడు స్టువర్ట్ గోర్డన్ లవ్‌క్రాఫ్ట్ ఇంకో కథ ‘ఫ్రమ్ బియాండ్’ తీశాడు. కథలో మామూలుగా కనపడనివి చూపించే యంత్రం ఒకటుంది, అది వెలిగినప్పుడు కనిపించేది అల్ట్రావయొలెట్. అంటే కంటికి ఆనని వెలుగు ఆనడం. గోర్డన్ దానికి గులాబీ, ఊదా కలిసిన లైటింగ్ వాడాడు. 2019 నాటి మెజెంటా అదే దారిలో వచ్చింది.

ఆ ఎంపికలో శాస్త్రం ఉందని ఒప్పుకోవాలి. ఇంద్రధనుస్సులో మెజెంటా లేదు, దానికంటూ ఒక తరంగదైర్ఘ్యం లేదు. ఎరుపు, నీలం కలిసి అంది, మధ్యలో ఆకుపచ్చ అందనప్పుడు మెదడు అల్లుకునే రంగది. లెక్క ప్రకారం బయటి రంగే. కన్ను మాత్రం లెక్క చూడదు, చీరే చూస్తుంది.

దీన్ని దాటినవాడు, నా దృష్టిలో, దర్శకుడు హువాన్ వూ ఒక్కడే. ఈ ఉల్క కథనే 2010లో జర్మన్‌లో తీసిన ‘డీ ఫార్బె’ మొత్తం బ్లాక్ అండ్ వైట్. రంగున్నది ఆ వచ్చినదానికే. కొత్త రంగు కనిపెట్టలేదు, మిగతావన్నీ తీసేశాడు. పోతన వామనుణ్ని పెంచిందీ ఇలాగే. వటుడు ఎంతయ్యాడో కొలత చెప్పడు. సూర్యుణ్ని చూపిస్తాడు: ముందు గొడుగు, తర్వాత తలమీద మణి, చెవిపోగు, కంఠాభరణం, చివరికి పాదపీఠం. పెరిగినవాడి పక్కనున్నదాన్ని చూపితే చాలు.

ఇంట్లో చూసేవాళ్ల పేచీలో సగం టీవీ తెచ్చిపెట్టిందే. రంగులు పెంచి చూపే వివిడ్ మోడ్‌లో మెజెంటా ఛాయలన్నీ ఒకే ముద్దయి, పెళ్లిపందిరి సీరియల్ లైట్లలా కొడుతుంది. స్ట్రీమింగ్‌లో 1080 వీడియోకు వెలుగు వివరాలు 1920×1080 ఉంటే రంగు వివరాలు 960×540 మాత్రమే. నలుపు మీద ముదురు రంగు అంచులు గళ్లుగా చెదిరేది అందుకే. వెలుగును 0 నుంచి 255 దాకా లెక్కపెడతారు. టీవీకి తగిలించిన బాక్సు నలుపును 16 దగ్గర పంపుతుంటే టీవీ 0 దగ్గర ఆశిస్తే చీకటంతా బూడిదగా తేలుతుంది. తిరగేసి పెడితే బావి లోపల ఏమీ కనపడదు. ఈ లెక్కను సెట్ చేసే హెచ్‌డీఎంఐ రేంజ్ బాక్సులో, టీవీలో రెండు వైపులా ఒకేలా పెట్టాలి. మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. 24 ఫ్రేముల సినిమాకు అది దొంగ ఫ్రేములు కలుపుతుంది. 2005 నాటి 47 నిమిషాల మూకీ ‘కాల్ ఆఫ్ కుతూలు’లో స్టాప్‌మోషన్ (బొమ్మను కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసే) రాక్షసి కదలికలోని గతుకే అందం, అది చదునైపోతుంది.

‘డీ ఫార్బె’కు ఇంకొకటి చూసుకోవాలి. చాలా టీవీల్లో స్టాండర్డ్ మోడ్ తెలుపు నీలంగా కొడుతుంది. మామూలు సినిమాలో ఎవరికీ పట్టదు. ఇందులో మాత్రం పొలం, ఇల్లు, మొహాలు అన్నిటికీ ఆ నీలం అంటుకుని, ఉల్క పడకముందే తెర మీద ఒక రంగు ఉంటుంది. సినిమా మోడ్‌కు మార్చి, గదిలో లైటు తీసి చూడాలి.