గోధుమలు మానేశాక చేసే పరీక్ష

గత నెల ఒక ఆదివారం బెంగళూరులో మారతహళ్ళిలో ఉంటున్న మా మేనకోడలి ఇంటికి వెళ్ళేసరికి, ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంగరపు వేలిని సూదితో పొడుచుకుంటోంది. వేలి కొనను నొక్కి తీసిన రక్తాన్ని సన్నని గొట్టంలోకి పీల్చి, చిన్న సీసాలోని ద్రావణంలో కలిపి, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పరికరం మీది గుంటలో మూడు చుక్కలు వేసింది. పది నిమిషాలకు, పరికరం పనిచేసిందని చెప్పే ‘సి’ అక్షరం ఎదుట గులాబీ రంగు గీత తేలింది; ఫలితం చెప్పే ‘టి’ ఎదుట ఏమీ రాలేదు. “నాకు సీలియాక్ లేదు మామయ్యా” అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. గోధుమల్లోని గ్లూటెన్ తింటే ఒంటి రోగనిరోధక వ్యవస్థే చిన్న పేగును దెబ్బతీసే జబ్బు సీలియాక్. కడుపు ఉబ్బరం భరించలేక మూడు నెలలుగా ఆమె చపాతీ, బ్రెడ్డు, రవ్వ ఇడ్లీ ముట్టడం లేదన్న సంగతి నాకు తెలుసు కనుక నేను మాత్రం సంతోషించలేకపోయాను.

ఆ పరికరం గ్లూటెన్‌ను గానీ పేగును గానీ చూడదు. రక్తంలో కొన్ని ప్రతిరక్షకాలు ఉన్నాయా లేవా అన్నది మాత్రమే చూస్తుంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు మన కడుపులో పూర్తిగా జీర్ణం కాదు. మిగిలిన ముక్కలు చిన్న పేగు గోడలోకి చేరినప్పుడు, అక్కడ ఉండే టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైము వాటిని కొద్దిగా మారుస్తుంది. డీక్యూ2 లేదా డీక్యూ8 జన్యురకం ఉన్నవారిలో కొందరికి, ఆ మారిన ముక్కలను శత్రువులుగా ఎంచిన రోగనిరోధక వ్యవస్థ, వాటితోపాటు సొంత ఎంజైము మీద కూడా ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఆ దాడిలో పోషకాలను పీల్చుకునే, పేగు గోడ మీది వేళ్ళలాంటి ఆంత్రచూషకాలు అరిగి చదునైపోతాయి. ఎంత తిన్నా ఒంటబట్టదు, మందులు వాడినా రక్తహీనత తగ్గదు, పిల్లలైతే ఎదుగుదల ఆగిపోతుంది. ఈ ఎంజైమే దాడికి గురి అవుతోందని జర్మనీ పరిశోధకులు 1997లో గుర్తించిన తర్వాతే నేటి రక్తపరీక్షలకు దారి ఏర్పడింది.

గ్లూటెన్ తినడం ఆపితే ఆ ప్రతిరక్షకాల తయారీ కూడా నెమ్మదిస్తుంది, కొన్ని నెలల్లో వాటి మోతాదు పరీక్షకు అందనంతగా తగ్గిపోవచ్చు. నిజానికి ఈ వ్యాధికి కారణం దొరికింది కూడా ఇలాంటి విరామంలోనే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని రోజుల్లో సీలియాక్ పిల్లలు కోలుకోవడమూ, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బు పడడమూ విల్లెమ్ డిక్కె అనే పిల్లల వైద్యుడికి అంతకుముందే ఉన్న అనుమానాన్ని బలపరిచాయి. పేగుకు మేలు చేసే ఆ విరామమే పరీక్షను మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. అందుకే పరీక్షకు ముందు కనీసం ఆరు వారాల పాటు, రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ ఉన్న ఆహారం తినాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మరో చిక్కు ఏమిటంటే, ఈ పరికరాలు సాధారణంగా ఐజీఏ తరగతి ప్రతిరక్షకాలనే వెతుకుతాయి. పుట్టుకతోనే ఐజీఏ లోపం ఉన్నవారికి జబ్బు ఉన్నా ‘టి’ గీత పడదు. ప్రయోగశాలలో మొత్తం ఐజీఏను కూడా కొలుస్తారు కాబట్టి ఈ పొరపాటు బయటపడుతుంది.

‘టి’ గీత పడినా అంతే జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 2016లో ప్రచురితమైన ఒక సర్వేలో, మన దేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించగా, ఉత్తరాదిలో 0.85 శాతం మందికి, దక్షిణాదిలో 0.01 శాతం మందికి సీలియాక్ ఉన్నట్టు తేలింది. ఈ జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు రెండు చోట్లా దాదాపు ఒకే తీరులో, మూడింట ఒక వంతు మందికి పైగా ఉన్నాయి; తేడా కంచంలో ఉంది. ఉత్తరాదిలో రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిలో తినేది 25 గ్రాములు. ఇప్పుడు నూటికి 95 సార్లు సరిగ్గా చెప్పే పరికరాన్ని ఊహించుకుని లెక్క వేద్దాం. దక్షిణాదిలో పదివేల మందిని పరీక్షిస్తే అసలు రోగి ఒక్కరు, జబ్బు లేకుండానే గీత పడేవారు దాదాపు 500 మంది. అంటే గీత చూసి బెంబేలెత్తిన దాదాపు ఐదు వందల మందిలో ఒక్కరికి మాత్రమే నిజంగా జబ్బు ఉంటుంది. ఉత్తరాదిలోనైతే అదే గీత ఇంచుమించు ఏడుగురిలో ఒకరికి నిజమవుతుంది. లక్షణాలు ఉన్నవారికి, తోబుట్టువులకో తల్లిదండ్రులకో జబ్బు ఉన్నవారికి ఈ లెక్క మారుతుంది. ఏమైనా పెద్దల్లో నిర్ధారణకు ఎండోస్కోపీ చేసి పేగు ముక్కను పరీక్షించడమే ఇప్పటికీ ప్రధాన మార్గం.

వందల ఆహారాలకు ‘అసహనం’ ఉందో లేదో ఐజీజీ అనే మరో తరగతి ప్రతిరక్షకాలను చూసి ఒకే చుక్కతో చెబుతామనే పరీక్షల సంగతి వేరు. నా ఉద్దేశంలో వాటికి పెట్టే డబ్బు దండుగ. ఐజీజీ ప్రతిరక్షకాలు ఆ ఆహారం మనం తిన్నామని చెబుతాయి తప్ప, అది మనకు పడదని చెప్పవు. ఐజీజీలో ఒక ఉపరకమైన ఐజీజీ4 పరీక్షలతో ఆహార అసహనాన్ని నిర్ధారించవద్దని ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే సలహా ఇచ్చింది. సీలియాక్ లేకుండా గ్లూటెన్ పడదనుకునేవారికి నమ్మదగిన రక్తపరీక్ష ఏదీ ఇంతవరకు లేదు. పైగా వారిలో చాలామందికి అసలు నేరస్థురాలు గ్లూటెన్ కాకపోవచ్చు. నార్వేలో 59 మందికి ఒక్కో వారం ఒక్కో రకం తినుబండారం, లోపల ఏముందో చెప్పకుండా ఇచ్చి చూస్తే, గ్లూటెన్ కంటే ఫ్రక్టాన్ అనే పిండిపదార్థమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. గోధుమలో ఉండే ఈ ఫ్రక్టాన్ ఉల్లిపాయలో, వెల్లుల్లిలో కూడా ఉంటుంది. మన పులుసులకూ పచ్చళ్ళకూ ఆ రెండింటితో ఉన్న చుట్టరికం తెలిసిందే.

మా మేనకోడలు చివరికి జీర్ణకోశ వైద్యురాలి దగ్గరకు వెళ్ళింది. ఆ వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న గోధుమలు ఎన్నాళ్ళ క్రితం మానేశావని. రెండోది, సాంబారులో వేసే ఇంగువ డబ్బా మీద ఏమి రాసి ఉందని. ఇంటికి వచ్చి చూస్తే గోధుమపిండి అని ఉంది. బజారులో దొరికే ఇంగువ పొడి చాలావరకు ఇలా పిండి కలిపినదే. చిటికెడు ఇంగువ పరీక్షకు సరిపోదు కాబట్టి, ఇప్పుడు రోజూ పొద్దున రవ్వ ఉప్మా, రాత్రి రెండు చపాతీలు తింటోంది. నాలుగో వారం నడుస్తోంది.