చుంచెలుకల చుట్టరికం తేల్చడం ఎందుకింత కష్టమైంది

పేరులో ఎలుక ఉంది కానీ చుంచెలుక ఎలుకల వంశానిది కాదు. పురుగుల్నీ వానపాముల్నీ తిని బతికే వేరే కుదురు దానిది. యూరప్‌లో ఎక్కువగా కనిపించే సోరెక్స్ అరేనియస్ బరువు పది గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో దానికి ఆ పేరు పెట్టాడు. తర్వాత ఫ్రాన్స్‌లో, ఇటలీలో దొరికిన కొన్నిటికి వేరే పేర్లు పెట్టినా, చాలాకాలం వాటినీ ఇందులోనే కలిపేశారు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి మరి.

పుర్రె కొలిచి తేలుద్దామన్నా చిక్కే. చలికాలం వచ్చేసరికి చుంచెలుక పుర్రె దాదాపు 15 శాతం కుంచించుకుపోయి, వసంతంలో మళ్లీ పెరుగుతుందని పోలండ్ శాస్త్రవేత్త ఆగస్ట్ డేనెల్ 1949లో చూపించాడు. అదే జంతువు ఎండాకాలంలో ఒక కొలత, మంచులో ఇంకో కొలత ఇస్తుంది.

1950ల నుంచి క్రోమోజోముల, అంటే కణాల్లో జన్యువుల్ని మోసే పోగుల, వంతు వచ్చింది. వాటిని లెక్కపెట్టాలంటే బతికున్న కణాలు కావాలి, అంటే జంతువును ప్రాణాలతో పట్టుకోవాలి. బోనులో కొన్ని గంటలు తిండి లేకుండా ఉంటే చుంచెలుక చచ్చిపోతుంది కాబట్టి రాత్రంతా బోనులు చూస్తూ తిరగాల్సిందే. ఆ కష్టానికి ఫలితం దక్కింది. అరేనియస్, దాని దగ్గరి చుట్టాలున్న గుంపులో మగవాటికి మామూలుగా ఉండే ఒక ఎక్స్, ఒక వై కాకుండా, ఒక ఎక్స్, రెండు వై క్రోమోజోములు ఉన్నాయి. ఇంత అరుదైన లక్షణం ఇన్ని జాతుల్లో ఉందంటే, అవన్నీ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉండాలి.

కానీ మొత్తం లెక్క మాత్రం కలవలేదు. ఐబీరియాలో, అంటే స్పెయిన్, పోర్చుగల్ వైపు ఉండే సోరెక్స్ గ్రనేరియస్ ఆడదానికి 36 క్రోమోజోములుంటే, ఫ్రాన్స్‌లో దొరికిన సోరెక్స్ కరోనేటస్ ఆడదానికి 22. ఒకే పుస్తకాన్ని ఒకరు ఎక్కువ సంపుటాలుగా, ఇంకొకరు తక్కువ సంపుటాలుగా బైండ్ చేసినట్టు, ఇక్కడ క్రోమోజోములు ఒకదానితో ఒకటి అతుక్కున్నాయి. ఒక్క అరేనియస్‌లోనే ఇలా 70కి పైగా తెగలు బయటపడ్డాయి. వాటి పేర్లూ లెక్కలూ ఒక పద్ధతిలో పెట్టడానికి 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో అంతర్జాతీయ కమిటీయే ఏర్పడింది. అయితే ఒకే అతుకు రెండుచోట్ల విడివిడిగా కూడా పడొచ్చు. అందుకే అతుకు కలిసింది కదా అని చుట్టరికం కలిపేయలేం.

1990ల్లో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) డీఎన్‌ఏ చదవడం మొదలైంది. చిన్న తోక ముక్క చాలు. కానీ అది తల్లి వైపు కథ మాత్రమే చెబుతుంది. తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే వై క్రోమోజోమును చదివితే చుట్టరికం వేరేలా కనిపించింది. జాతులు విడిపోయాక కూడా అంచుల్లో జత కట్టడం పూర్తిగా ఆగకపోతే ఇలా జరగొచ్చు. ఒక్క జన్యువును నమ్ముకుని వంశవృక్షం గీయకూడదని నాకు గట్టిగా అనిపించేది ఇక్కడే.

ఆల్ప్స్‌లో ఫ్రాన్స్ వైపున్న లెజూష్ దగ్గర అరేనియస్, ఇటలీలో దొరికి వేరే పేరు పొందిన ఆంటినోరీ ఎదురుపడతాయి, కొంతవరకు కలుస్తాయి కూడా. మిగతా జన్యువులతో పోలిస్తే వై మాత్రం రెంటి మధ్య గీత దాటడం చాలా తక్కువని 2000లో తేలింది. మగ సంకర పిల్లల ద్వారా వంశం ముందుకు సాగడం కష్టమవుతోందన్నమాట. రెండేళ్లకు, 2002లో, ఆంటినోరీని వేరే జాతిగానే లెక్కించాలని ప్రతిపాదించారు.