ఫ్రేములు పెరిగాయి, వాట్లు తగ్గలేదు: అప్‌స్కేలింగ్ వెనుక కథ

కర్నూలులో ఎండ 43 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో ఏసీతోపాటు గేమింగ్ పీసీ కూడా గంటల తరబడి నడిచే ఇంటికి కరెంటు బిల్లు పై స్లాబులోకి ఎగబాకడం మామూలే. ‘డీఎల్‌ఎస్‌ఎస్ ఆన్ చెయ్, కార్డు మీద భారం తగ్గి కరెంటు కలిసొస్తుంది’ అనే సలహా ఆ సమయంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. బొమ్మను తక్కువ పిక్సెళ్లతో గీసి, మిగతావాటిని లెక్కగట్టి పూరించే ‘అప్‌స్కేలింగ్’ పద్ధతికి గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా ఇచ్చిన రూపమే డీఎల్‌ఎస్‌ఎస్. సలహాలో సగం నిజం ఉంది. అప్‌స్కేలింగ్ వాడితే ఒక్కో ఫ్రేముకు, అంటే తెర మీద వరుసగా మారే ఒక్కో బొమ్మకు, గ్రాఫిక్స్ కార్డు చేసే పని నిజంగానే తగ్గుతుంది. అలా మిగిలిన శక్తి మాత్రం చాలా సందర్భాల్లో బిల్లు దాకా రాదు. ఎందుకు రాదో తెలియాలంటే ఈ సాంకేతికత ఏ అవసరంలోంచి పుట్టిందో చూడాలి.

2000ల తొలినాళ్లలో అనంతపురం, కడప నెట్ సెంటర్లలో గేమ్ నత్తనడక నడిస్తే అందరికీ తెలిసిన వైద్యం ఒక్కటే: రిజల్యూషన్‌ను 1024×768 నుంచి 800×600కో, ఇంకా కిందికో దించడం. అప్పటి లావుపాటి సీఆర్‌టీ మానిటర్లకు నిర్ణీత పిక్సెళ్లంటూ లేవు కాబట్టి బొమ్మ కాస్త ముతకగా కనిపించినా చెదిరిపోయేది కాదు. ఎల్‌సీడీ తెరలు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. తెర మీద పిక్సెళ్ల సంఖ్య స్థిరమైపోవడంతో, అంతకంటే తక్కువ రిజల్యూషన్‌లో ఆడితే అక్షరాలతో సహా అన్నీ మసకబారేవి. కన్సోళ్లు మాత్రం తక్కువ రిజల్యూషన్‌లో గీసి సాగదీసే పద్ధతిని వదల్లేదు. 2016లో వచ్చిన పీఎస్4 ప్రో, చదరంగపు గళ్ల మాదిరిగా సగం పిక్సెళ్లే గీసి మిగతావాటిని పూరించే పద్ధతిని విస్తృతంగా వాడింది. పీసీ వాడేవారికి మిగిలిన దారి ఇంకా పెద్ద కార్డు కొనడమే.

పెద్ద కార్డంటే పెద్ద వాటేజీ. 2000ల మధ్య వరకు ట్రాన్సిస్టర్ పరిమాణం తగ్గిన ప్రతిసారీ దానికి కావలసిన వోల్టేజీ కూడా తగ్గేది. ఆ తగ్గుదల దాదాపుగా ఆగిపోయాక, వేగం పెరగాలంటే వాట్లూ పెరగక తప్పని పరిస్థితి వచ్చింది. 2016 నాటి జీటీఎక్స్ 1080 కార్డు రేటింగు 180 వాట్లు కాగా 2020 నాటి ఆర్‌టీఎక్స్ 3080కి 320, 2022 నాటి 4090కి 450, 2025 నాటి 5090కి 575 వాట్లు. ఒక్కో వాటుకు చేసే పనిలో కొత్త కార్డులే మెరుగు, అందులో సందేహం లేదు. కానీ మీటరు లెక్కించేది మొత్తం వాడకాన్నే.

2018 సెప్టెంబరులో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 20 శ్రేణితో రే ట్రేసింగ్‌ను ఇళ్లకు తెచ్చింది. కాంతి కిరణాల దారిని లెక్కగట్టే ఆ పని ఎంత బరువైనదంటే, దాన్ని ఆన్ చేయగానే ఫ్రేముల సంఖ్య ఒక్కసారిగా పడిపోయేది. పోయిన ఫ్రేములను తిరిగి రాబట్టడానికే డీఎల్‌ఎస్‌ఎస్‌ను ముందుకు తెచ్చారు. విద్యుత్ పొదుపు ఆ ప్రచారంలో ముఖ్యాంశం కానే కాదు. ఒక్కో గేము కోసం ఏఐ నమూనాకు విడిగా శిక్షణ ఇవ్వాల్సి వచ్చిన తొలి రూపం మసకగా ఉందన్న విమర్శ మూటగట్టుకుంది. 2020 మార్చిలో వచ్చిన రెండో రూపం గడిచిన ఫ్రేములను, వస్తువుల కదలిక సమాచారాన్ని కలిపి వాడుకుంటూ అన్ని గేములకూ ఒకే నమూనాతో పనిచేయడంతో విమర్శలు చాలావరకు సద్దుమణిగాయి. పోటీ కంపెనీ ఏఎమ్‌డీ 2021 జూన్‌లో తెచ్చిన అప్‌స్కేలింగ్ రూపం ఎఫ్‌ఎస్‌ఆర్ పాత కార్డుల మీదా, ఎన్‌విడియా కార్డుల మీదా నడవడం సెకండ్ హ్యాండ్ కార్డులతో నెట్టుకొచ్చేవారికి పెద్ద ఊరట. ఇంటెల్ 2022లో ఎక్స్‌ఈఎస్‌ఎస్‌తో ఈ వరుసలో చేరింది.

4కే తెర మీద సుమారు 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. డీఎల్‌ఎస్‌ఎస్‌ను పర్ఫార్మెన్స్ మోడ్‌లో పెడితే కార్డు గీసేది 1920×1080లో, అంటే సుమారు 21 లక్షలే. మిగతా ముప్పాతిక వంతును లెక్కగట్టి పూరిస్తుంది. క్వాలిటీ మోడ్‌లో నిలువునా అడ్డంగా మూడింట రెండు వంతుల చొప్పున గీస్తుంది. పూరించే పనికీ కొంత సమయం, కొంత శక్తి పడతాయి గానీ ఆదా అయినదాంతో పోలిస్తే అది సాధారణంగా చిన్నదే. చిక్కంతా ఆ తర్వాత జరిగేదాంట్లో ఉంది. ఫ్రేములకు పరిమితి పెట్టని గేము ఒక ఫ్రేము పూర్తికాగానే ఆగకుండా తర్వాతిది మొదలుపెడుతుంది. కూలి రేటు తగ్గిందని ఎక్కువ మందిని పనిలోకి పిలిచిన రైతుకు ఖర్చు తగ్గనట్టే, సెకనుకు 45 ఫ్రేములు గీసే కార్డు 75 గీస్తూ అదే వాటేజీ దగ్గర నిలుస్తుంది. ఫ్రేములు పెరిగితే వాటికి సరంజామా సిద్ధం చేసే ప్రాసెసర్‌కూ పని పెరుగుతుంది కాబట్టి, గోడ ప్లగ్గు దగ్గర కొలిస్తే మొత్తం వాడకం కాస్త పెరిగినా ఆశ్చర్యం లేదు. ప్రాసెసర్ అందుకోలేని సందర్భాల్లో కార్డు ఖాళీగా ఎదురుచూస్తూ తక్కువ వాట్లు తీసుకుంటుంది. అది అనుకోకుండా దక్కిన పొదుపు.

అసలైన పొదుపు సాధనం ఫ్రేము పరిమితి. దానికి వేరే చరిత్ర ఉంది, అది అప్‌స్కేలింగ్ కంటే పాతది. ఎన్‌విడియా 2014లోనే ల్యాప్‌టాప్‌ల కోసం బ్యాటరీ బూస్ట్ పేరుతో ఫ్రేములకు కళ్లెం వేసింది. ఏఎమ్‌డీ 2015లో డ్రైవర్‌లోనే (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌లోనే) పరిమితిని, 2016 చివర్లో ఆటగాడి కదలికలను బట్టి ఫ్రేములు తగ్గించే రేడియాన్ చిల్‌ను తెచ్చింది. గేమింగ్ పీసీలు ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి 75 బిలియన్ యూనిట్ల విద్యుత్తు వాడుతున్నాయన్న అంచనాతో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధన వెలువడిందీ 2015లోనే. ఎన్‌విడియా డెస్క్‌టాప్ డ్రైవర్‌లో గరిష్ఠ ఫ్రేముల సెట్టింగు 2020 జనవరిలో వచ్చింది. పరిమితి, అప్‌స్కేలింగ్ అనే ఈ రెండు దారులూ కలిసిన చోటే వాట్లు తగ్గుతాయి. 60 ఫ్రేముల దగ్గర గిరి గీసి అప్‌స్కేలింగ్ వాడితే, కార్డుకు మిగిలిన సమయం విశ్రాంతిగా మారి, క్లాక్ వేగంతోపాటు వోల్టేజీ కూడా దిగుతుంది. విద్యుత్ వాడకం వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఆ చిన్న దిగుదలకే వాట్లు గణనీయంగా తగ్గుతాయి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీ స్టీమ్ డెక్‌లో ఫ్రేము పరిమితి, వాట్ల పరిమితి, ఎఫ్‌ఎస్‌ఆర్ మూడూ ఒకే మెనూలో కనిపించడానికి కారణం 40 వాట్ అవర్ల చిన్న బ్యాటరీయే. గోడ ప్లగ్గు ఉన్న డెస్క్‌టాప్‌కు అలాంటి ఒత్తిడి లేకపోయింది. కార్డుల సమీక్షల్లో ముందుగా చూసే అంకె ఇప్పటికీ ఫ్రేముల సంఖ్యే.

2023 నాటికి మరో మలుపు వచ్చింది. ఆ ఏడాది విడుదలైన అలన్ వేక్ 2 గేము తన సిస్టమ్ అవసరాల పట్టికలోనే అప్‌స్కేలింగ్‌ను చేర్చింది. అంటే ఆటగాడు మిగుల్చుకోగలడనుకున్న శక్తిని గేము తయారీదారు ముందే ఖర్చు పెట్టేశాడు. గీసిన ఫ్రేముల మధ్య కొత్తవాటిని పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ 2022 అక్టోబరులో వచ్చినా, దాన్నీ వాట్లు తగ్గించేందుకు కాక ఫ్రేముల అంకె పెంచేందుకే ఎక్కువగా చూపించారు.

పరిమితి, అప్‌స్కేలింగ్ కలిపి వాడి 100 వాట్లు తగ్గించుకోగలిగితే, రోజుకు 4 గంటల చొప్పున నెలకు 12 యూనిట్లు మిగులుతాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఖరారైన గృహ టారిఫ్ ప్రకారం 226 నుంచి 400 యూనిట్ల స్లాబులో యూనిట్ 8 రూపాయల 75 పైసలు కాబట్టి, వేసవిలో ఆ స్లాబును తాకే ఇంటికి ఇది సర్దుబాటు ఛార్జీలు కాకుండా 105 రూపాయలు. కార్డు తీసుకున్న ప్రతి వాటూ గదిలో వేడిగానే తేలుతుంది కనుక ఏసీకి తగ్గే పని దీనికి అదనం. ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్నా, మనవాళ్లు గేములాడే రాత్రి 9 గంటల తర్వాత అందులో ఉత్పత్తి సున్నా. ఆ వేళ ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి బొగ్గు యూనిట్ల మీద ఎక్కువ భారం పడుతుంది. ఇక కరెంటు పోయినప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది: దాదాపు 360 వాట్లు మాత్రమే మోయగల 600 వీఏ యూపీఎస్, పరిమితి లేకుండా 400 వాట్లు లాగుతున్న పీసీని కీచుమంటూ ఆపేస్తుంది, అదే గేము 60 ఫ్రేములకు కట్టడి అయి 250 వాట్ల దగ్గర ఉంటే, ఆట సేవ్ చేసి బయటికి రావడానికి కావలసిన కొద్ది నిమిషాలూ దొరుకుతాయి.